నోరు తెరువు, నాలుక ఎత్తు

మొన్న ఫిబ్రవరి 10, మంగళవారం, ఉదయం పదకొండింటికి మా వీధికి కొత్తగా వేసిన నర్సమ్మాయి వచ్చి నాకు బీపీ చూసింది. పైది నూట యాభై ఎనిమిది. మాత్రల అట్ట చేతిలో పెట్టి, "అవ్వా, ఇప్పుడొకటి వేసుకో. రోజుకొకటి" అంది. నేను ఒకటి తీసి, నీళ్ళతో మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాను. ఎదురుగా ఎవరూ లేరు. ఆ అమ్మాయి అప్పటికే గేటు దాటి స్కూటీ స్టార్టు చేస్తోంది.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఖాళీ వరండాలో నోరు తెరుచుకొని నిలబడటం నవ్వు రావలసిన సంగతే. నాకు మాత్రం రాలేదు, అట్ట పట్టుకొని కుర్చీలో కూర్చున్నాను. ఆ అలవాటు చేసిన మనిషి గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు భయం వస్తుంది, తర్వాతే నవ్వు.

ఆమె పేరు రాయను. కర్నూలు పక్కన కల్లూరులో మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా లేరు. అందరికీ నర్సమ్మ. మా ఇంటికి రెండిళ్ళ అవతల 2009 నుంచి 2021 దాకా అద్దెకున్నారు. ఓర్వకల్లు వైపు పల్లెల్లో ఉద్యోగం. నీలం అంచు తెల్ల చీర, భుజాన టీకాల డబ్బా, స్కూటీ ముందు బుట్టలో రిజిస్టర్లు. పొడుగు మనిషి. గొంతు ఇంకా పొడుగు. ఆమె వీధి మొదట్లో మాట్లాడితే చివర్లో పిల్లలు పుస్తకాలు తీసేవాళ్ళు.

ఆమెకు గర్భిణుల చేత ఐరన్ మాత్రలు మింగించే పని. చేతికిచ్చి వెళ్ళిపోతే సరిపోతుందని పైవాళ్ళు చెప్పినా ఆమె వినేది కాదు. ఎదురుగా నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకొని, మూడు మాటలు అనేది: "మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు." మాత్ర ఎక్కడెక్కడ దాస్తారో ఆమెకు తెలుసు. నాలుక కింద, బుగ్గలో, చీర కొంగు ముడిలో. ఒకావిడ నెల రోజుల మాత్రలు కుడితిలో కలిపేసిందట. ఆమె రక్తపరీక్ష చూసి నర్సమ్మ, "మీ బర్రెకు రక్తం శానా బాగుంటాది పాపా. నీకే ల్యా. కాన్పు బర్రెకు చేద్దామా?" అన్నదని ఊరంతా చెప్పుకున్నారు. మా వీధిలో ఎవరికి జ్వరం మాత్ర ఇచ్చినా అదే వరస. నాకు కూడా. నేను ముప్ఫై ఐదేళ్ళు లెక్కల టీచరుగా పిల్లల నోళ్ళు మూయించినదాన్ని. ఆమె ముందు పన్నెండేళ్ళు నోరు తెరిచాను.

ఆమెకూ నాకూ స్నేహం కుదిరింది తేదీల దగ్గర. గర్భిణి వస్తే ఆఖరి నెలసరి ఏ రోజు వచ్చిందో రాసుకోవాలి. పల్లెలో ఎవరూ తేదీ చెప్పరు. పీర్ల పండగ అయిన మూడో నాడు అంటారు, ఉగాదికి ఇల్లు అలికిన రోజు అంటారు. ఆమెకు ఒళ్ళు మండేది. "పండగలు ఏటేటా జరుగుతాంటాయి పాపా. తేదీ జరగదు. నాకు తేదీ కావల్ల" అని కసిరేది. తేలనివి నా దగ్గరికి తెచ్చేది. ఉద్యోగంలో చేరిన 1971 నుంచి నా డైరీలన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. ఫలానా ఏడు పీర్లు ఎప్పుడు లేచాయో, ఉగాది ఏ వారమో చూసి చెప్పేదాన్ని. "టీచరమ్మా, నువ్వు మనిషివి కాదు, క్యాలెండరువి" అనేది.

అటువంటి మనిషి తన తేదీ దగ్గర తప్పు చేసింది. నేను రాయాలనుకున్నది అదే.

2018 మార్చి 30, శుక్రవారం, మధ్యాహ్నం మూడు ఇరవైకి ఆమె మా ఇంట్లోకి గోడవార నడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. వాళ్ళది తాతల కాలం నుంచి చర్చి కుటుంబం. పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ఒక్కొక్కటే చెబుతారు, ఆడవాళ్ళందరూ తెల్ల చీరలు. మా ఇల్లు చర్చికి దగ్గర. ఆమె చేతిలో బైబిలు వెనక్కి పట్టుకొని ఉంది. "నాలుగో మాట కాడ వచ్చె టీచరమ్మా. మూడు నెలలాయె రాక, ఇంగ పోయిందిలే అనుకుంటి. లేచి నిలబడలేక ఆ బెంచీ మీదనే కూలబడితి" అంది. నా గంజి పెట్టిన తెల్ల నేతచీర ఇచ్చాను. డైరీలో రాశాను, చీర ఇచ్చినట్టు. ఏప్రిల్ 2న ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. అదీ రాశాను.

ఆ తర్వాత ఆమెకు నెలసరి రాలేదు. వేడి వచ్చింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. కర్నూలు మేలో చెమట పట్టని మనిషెవరు? ఆమె మాత్రం చెప్పేది: "ఎండ బయట నుంచి వస్తాది. ఇది రొమ్ముల కాడ పుట్టి మెడ మీదికి పాకుతాది. ఎవురో లోపల పొయ్యి ముట్టించినట్టు." బుధవారం, శనివారం టీకాలు వేసి వచ్చాక, డబ్బా ఖాళీ చేసి, అందులోని ఐసు ప్యాకెట్టు తీసి మెడ వెనక పెట్టుకొని మా వరండా మెట్టు మీద కూర్చునేది. మందులు ఉండగా ఐసు కోసం ఒక్కసారి కూడా ఆ డబ్బా తెరిచేది కాదు. ముఖం కందగడ్డలా అయిపోయినా, ఆఖరి సీసా లెక్క చూసి రాసిన తర్వాతే.

డిసెంబరులో మేమందరం శాలువాలు కప్పుకుంటే ఆమె జాకెట్టు మెడ తడిసిపోయి ఉండేది. నాకు నా 1997 డైరీ గుర్తొచ్చింది. అది నాకు నెలసరి ఆగిన ఏడు. తీసి చూస్తే డిసెంబరులో తొమ్మిది రోజులు "ఉక్క" అని రాసుకున్నాను. కర్నూల్లో డిసెంబరులో ఉక్కేమిటని ఆనాడు నన్ను నేను కూడా అడగలేదు. ఆమెకు చూపిస్తే నవ్వి, "నీది తొమ్మిది దినాలకే పోయె. నాది దినానికి తొమ్మిది తూర్లు" అంది.

2019 జనవరి 23, బుధవారం, ఆమె నవ్వలేదు. వచ్చి మెట్టు మీద కూర్చొని ఐసు కూడా తీయలేదు.

"ఏమ్మే, ఏమైంది?" అన్నాను.

"మూడు వారాలాయె నిద్ర లేక. పొద్దున ఒక పసిబిడ్డ తొడకు సూది పెట్టబోతాండా. ఈ బిడ్డకు వేసినానా, వేయలేదా? మతికి రాలే. వాళ్ళమ్మ మొగం చూస్తాండాది. ఆ మొగం కూడా ముందు చూసిన మాదిరే ఉండె. సూది కింద పెట్టి, సీసాలన్నీ ఎంచి, రిజిస్టరు చూసి, అప్పుడు వేసినా." మళ్ళీ తానే, "ఎంచకుండా వేసి ఉంటే?" అంది.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె చెయ్యి తడబడిందని విన్నది అదే మొదటిసారి. ఆ చేతి వేళ్ళు ఒళ్ళో పెట్టుకొని, పరాయివాళ్ళవి చూసినట్టు చూసుకుంటోంది.

ఫిబ్రవరిలో కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. హార్మోను మాత్రలు వాడొచ్చని, వేడీ తగ్గుతుంది, నిద్రా వస్తుందని ఆమె చెప్పింది. కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు ఉందా అని అడిగిందట. ఉంది. అక్కకు. కడపలో ఉండే ఆ అక్క 2014లో యాభై నాలుగేళ్ళకు పోయింది. ఆఖరి నాలుగు నెలలు సెలవు పెట్టి కట్లు మార్చింది ఈమే. ఆ నాలుగు నెలల సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క మాట తప్ప: "మా అక్క ఇంట్లో అగరొత్తులు వెలిగిస్తాంటిమి టీచరమ్మా. ఇప్పుడు ఎవురింట్లో అగరొత్తి వాసన వచ్చినా నాకు ఆ పుండే."

డాక్టరమ్మ రొమ్ములకు పరీక్ష చేయించింది. బాగుందంది. అయినా తొందరేమీ లేదు, ఆలోచించుకోండి అంది. మరొక మాట గట్టిగా చెప్పింది. నెలసరి ఆగి ఏడాది నిండాక ఒక్క చుక్క కనబడినా, మాత్ర ముట్టకుండా ముందు నా దగ్గరికి రండి అని. ఆ మాట ఈమెకు కొత్త కాదు. పల్లెలో ఎందరికో తానే చెప్పింది.

మాత్రల అట్ట కొని తెచ్చి రిజిస్టర్ల సంచిలో పెట్టుకుంది. రోజూ తీసి చూసేది, మళ్ళీ పెట్టేది. "ఇది మింగితే నా చెయ్యి నాకు వస్తాది. మింగితే మా అక్క దావ పడతానేమో. యాడికి పోవల్ల నేను?" అనేది. చివరికి ఈస్టరు పండగ అయ్యాక మొదలుపెడతానని తేల్చుకుంది.

ఏప్రిల్ 11, గురువారం ఉదయం వచ్చింది. ముఖంలో ఒక రకమైన ఉత్సాహం. నాకు అది నచ్చలేదు, ఎందుకో చెప్పలేను.

"టీచరమ్మా, నిన్న మళ్ళీ వచ్చె. నేనింకా పడుచుదాన్నే."

"నెలసరా?"

"ఆ. ఏం భయం ల్యా. గుడ్ ఫ్రైడే నాడు కదా ఆఖరుది? మళ్ళీ గుడ్ ఫ్రైడే వచ్చే వారం. ఏడాది ఇంకా నిండలే. నిండినాక వస్తే కదా కష్టం. ఇది పోతా పోతా ఒక తూరి మొగం చూపిచ్చి పోయింది, అంతే."

స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళి 2018 డైరీ తీశాను. మార్చి 30. తెల్ల చీర. ఆ ఏడు గుడ్ ఫ్రైడే మార్చి 30న వచ్చింది. ఈ ఏడు ఏప్రిల్ 19న. మార్చి 30 నుంచి మార్చి 30కి మూడు వందల అరవై ఐదు. అక్కడి నుంచి ఏప్రిల్ 10కి పదకొండు. మూడు వందల డెబ్బై ఆరు.

పండగలు జరుగుతాయి, తేదీ జరగదు అని ఊరందరినీ కసిరిన మనిషి తన ఏడాదిని పండగతో కొలుచుకుంది. ఆ పండగ ఇరవై రోజులు జరిగి కూర్చుంది.

మళ్ళీ లెక్కపెట్టాను. లీపు సంవత్సరమేమో అని చూశాను. కాదు. చీర ఇచ్చింది వేరే రోజేమో, నేను ఆలస్యంగా రాశానేమో అని ముందు పేజీలు, వెనక పేజీలు చూశాను. నా జీవితంలో నా లెక్క తప్పు కావాలని కోరుకున్నది ఆ ఒక్కసారే. తప్పలేదు. ఏడాది దాటి వచ్చిన రక్తం గర్భసంచి క్యాన్సరు కావచ్చునని ఆమె నోటే ఎన్నోసార్లు విన్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడు శుక్రవారం ఆమె గేటు దగ్గర చెయ్యి ఊపింది. అప్పుడూ చెప్పలేదు. మా ఇంటి గోడ గడియారం చప్పుడు ఆ రెండు రోజులు వినపడినట్టు ఎప్పుడూ వినపడలేదు. 13వ తేదీ శనివారం, టీకాలు వేసి వచ్చి మెట్టు మీద ఐసు పెట్టుకొని కూర్చుంది. నేను డైరీ తెచ్చి పక్కన కూర్చున్నాను.

"నర్సమ్మా, పోయిన ఏడు గుడ్ ఫ్రైడే ఎప్పుడు?"

"శుక్రవారం" అని నవ్వింది.

"తేదీ చెప్పు."

నోరు తెరిచింది. మూసింది. నా ఒళ్ళోని డైరీ చూసింది. దాన్ని తీసుకొని, తెల్ల చీర అని రాసిన వరస మీద వేలు పెట్టి చదివింది. తర్వాత వేళ్ళ కణుపుల మీద నెలలు ఎంచడం మొదలుపెట్టింది. పల్లెల్లో గర్భిణులకు ఎంచే పద్ధతి అదే. బొటనవేలు కణుపు మీద కణుపు దాటి వెళ్ళి, పన్నెండు దాటింది. అక్కడ ఆగిపోయింది.

"ఎంత?"

"మూడు వందల డెబ్బై ఆరు" అన్నాను.

ఐసు ప్యాకెట్టు మెడ మీద నుంచి జారి మెట్టు మీద పడింది. ఆమె తీయలేదు.

"నీకు ఎప్పుడు తెలిసె?"

"గురువారం."

"రెండు దినాలు నా మొగం చూస్తా ఎట్లుంటివి?"

"లెక్క తప్పేమోనని చూశాను" అన్నాను.

"నీ లెక్క యాడ తప్పుతాది" అంది. మెచ్చుకోలులా లేదు. లేచి, స్కూటీ తాళం చెవి రెండుసార్లు కింద పడేసుకొని, నడిచే వెళ్ళింది.

సోమవారం 15న స్కానింగు చేశారు. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండు వారాలు పడుతుందన్నారు. ఆ రెండు వారాల్లో ఆమె ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. సూది వేసే ముందు మాత్రం ప్రతి బిడ్డకూ రిజిస్టరు రెండుసార్లు చూసేదట.

19న గుడ్ ఫ్రైడే. నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదు, కానీ ఆ రోజు వరండాలో కుర్చీ వేసుకొని మైకులో వచ్చే పాటలన్నీ విన్నాను. నాలుగో మాట మొదలైనప్పుడు లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు. మూడు ఇరవైకి ఆమె వచ్చింది. పోయిన ఏడు కూర్చున్న చోటే కూర్చుంది.

"ఈ తూరి చీర అడగనులే, భయపడొద్దు" అంది.

"మజ్జిగ ఇస్తా."

"ఈ పొద్దు ఉపవాసం. నీకు మతి లేదా? ఈ ఒక్క పండగ తేదీ రాసుకోలేదా డైరీలో?"

నవ్వాము. నవ్వుతూ ఉండగానే ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టే, కానీ వదల్లేదు.

29వ తేదీ సోమవారం రిపోర్టు వచ్చింది. క్యాన్సరు లేదు. పొర పలచబడి ఊడిందట, అంతే. ఆమె ఆ కాగితం నాకు చదవడానికిచ్చి, నేను చదివేంతసేపు నా కళ్ళే చూస్తూ కూర్చుంది. నేను రెండుసార్లు చదివాను. తేదీ, వయసు, పేరు ఆమెవేనా అని కూడా చూశాను.

ఇక కథ అయిపోయిందనుకున్నాను. అవలేదు. డాక్టరమ్మ మళ్ళీ మొదటికి తెచ్చింది. ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టొచ్చు, పెట్టకపోనూవచ్చు. అక్కకు వచ్చింది కాబట్టి ప్రమాదం లేనే లేదని నేను చెప్పలేను. తక్కువ మోతాదు ఇస్తాను, ఏడాదికోసారి రొమ్ముల స్కానింగు తప్పకూడదు, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆపేయొచ్చు. నిర్ణయం మీదే అంది.

"నిర్ణయం నాదేనంట" అంది నర్సమ్మ, తిట్టు విన్నట్టు. "నాకెవురూ నీ ఇష్టం అనలే ఇంతవరకు. నేను కూడా ఎవురికీ అనలే. మింగు అంటే మింగల్ల. ఈమెకేం, మింగు అని ఒక మాట చెప్తే పోయె కదా?"

"వద్దనుకుంటే?"

"వద్దనుకుంటే ఈ సెగ ఇంగా ఎన్నేండ్లుంటాదో. ఎవురి బిడ్డకో రెండు తూర్లు సూది వేస్తా ఒకనాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు చెప్పు టీచరమ్మా."

నేను చెప్పలేదు. లెక్క ఉంటే చెప్పేదాన్ని. ఇక్కడ రెండు వైపులా రాయడానికి అంకెలే లేవు, భయాలే ఉన్నాయి.

మే 8, బుధవారం. టీకాలు వేసి అయిదింటికి వచ్చింది. డబ్బా దించి, సంచిలో నుంచి అట్ట తీసి, ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుంది. ఆవగింజకు అన్నలా ఉంది. "నీ ముందర మింగుతా. ఇంట్లో అయితే మా ఆయన ముందర మింగినట్టు చేసి పారేస్తా. నా మీద నాకు నమ్మకం ల్యా" అంది.

చెంబుతో నీళ్ళిచ్చాను. కళ్ళు మూసుకొని, పెదవులు కదిలించి ప్రార్థన చేసుకుంది. మాత్ర నోట్లో వేసుకొని, నీళ్ళు తాగి, గొంతు కదిలించి, చెంబు కింద పెట్టింది. "అయిపాయె."

నాకు ఎక్కడో అనుమానం తగిలింది. బడిలో ముప్ఫై ఐదేళ్ళు పిల్లల ముఖాలు చూసినదాన్ని.

"నోరు తెరువు" అన్నాను.

తెరిచింది.

"నాలుక ఎత్తు."

ఎత్తలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా ఎత్తింది. మాత్ర అక్కడే ఉంది, ఎడమ పక్క, సగం కరిగి.

అరచేతిలోకి ఉమ్మి, దాన్ని వేలితో కదిపి చూసింది. "ఇన్నేండ్లు వాళ్ళను మొండిముండలని తిడ్తి టీచరమ్మా" అంది. "మొండితనం కాదు. బిడ్డకేమవుతాదో అని భయపడి దాచుకునిరి. నా నోట్లో నేను దాచుకుంటే గాని తెలీలే."

"ఈ పొద్దుకు వద్దులే. రేపు చూద్దాం" అన్నాను. ఆమె మింగకపోతే బాగుండునని నాకు లోపల ఉంది. ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె అట్ట తీసి రెండోది చించింది. "రేపనుకుంటే మళ్ళీ ఏ పండగకో జరుపుతా" అని నోట్లో వేసుకొని, చెంబు నీళ్ళన్నీ తాగేసింది. నేను అడగకుండానే నోరు తెరిచింది, నాలుక ఎత్తింది. అటూ ఇటూ కదిలించి చూపించింది. లేదు.

తర్వాత అరగంట ఇద్దరం కదలకుండా కూర్చున్నాము, ఏదో జరుగుతుందన్నట్టు. అయిదు యాభైకి ఆమె మెడ మీద ఎరుపు పుట్టి చెంపలకు పాకింది. చెమట పట్టింది. గబుక్కున ఐసు తీసి అదిమిపెట్టుకొని, "చూడు, దీనికింకా మాత్ర సంగతి తెలిసినట్టు లేదు" అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె ఆ మాత్రలు నాలుగేళ్ళు వాడి, 2023లో డాక్టరు చెప్పాక ఆపింది. మూడో నెలకే నిద్ర వచ్చింది. చెయ్యి మళ్ళీ తడబడలేదు. 2021లో భర్తకు తుమ్మలపల్లె గని వైపు పని దొరికితే, ఈమె బదిలీ పెట్టుకొని కడప జిల్లాకు వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మనిషిని చూడలేదు. ఏడాదికొక ఫోను వస్తుంది, స్కానింగు అయిన రోజు. మే 8నే చేయించుకుంటుంది, నేను పెట్టిన తేదీ అది. 2020లో మాత్రం లాక్‌డౌన్ వల్ల ఆగస్టు దాకా జరిగింది. ఆ మూడు నెలలు నేను ఎలా ఉన్నానో డైరీలో ఉంది. ఫోనులో ఒకటే మాట: "బాగుండాది టీచరమ్మా. రాసుకో." మాత్రలు ఆపి మూడేళ్ళవుతున్నా ఆమె మానలేదు, నేనూ రాయడం మానలేదు.

2019 మే 8 పేజీలో "మింగింది, 5.20" అని ఉంది. సరిపోయిన లెక్క పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. ఆ వరస పక్కన పెట్టలేదు. ఏడాదికొకటి చొప్పున కింద పెడుతున్నాను. ఆరయ్యాయి. ఈ రోజు ఫిబ్రవరి 13. ఏడోదానికి ఇంకా ఎనభై నాలుగు రోజులుంది.